వేలెడు తక్కువ గ్లాసు

పాలమూరు వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ వంటగది. గది అని మాటవరసకి అనడమే. వరండా చివర ఇటుకలు పేర్చి, మీద రేకులు కప్పిన మూల అది. గ్యాసు పొయ్యి, రెండు పెద్ద తపేలాలు, ఒక కుక్కరు, మేకుకి వేలాడే జల్లెడ. తక్కెడ లేదు. ఉండేదట, ముల్లు ఎప్పుడూ ఒక పక్కకే చూస్తోందని అటక ఎక్కించారు. దాని పని ఇప్పుడు ఒక స్టీలు గ్లాసు చేస్తోంది. ఆయమ్మ గ్లాసును బియ్యం డబ్బాలో ముంచి తీసి, బొటనవేలితో లోపలి అంచు చుట్టూ ఒకసారి తుడిచింది. అంచు దగ్గర వేలెడు ఖాళీ మిగిలింది.

"నిండ పోస్తే ఎక్కువైతది మేడమ్. గింతే నూటయాబై" అంది.

నాకు నమ్మకం కుదరలేదు. ఆ గ్లాసెడు బియ్యం కవర్లో పోయించుకుని ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెట్టించాను. 148 గ్రాములు చూపించింది. వెనక్కి వచ్చి చెబితే ఆయమ్మ సంబరపడలేదు. ఆ రెండు గ్రాములు ఎక్కడ పోయాయో అన్నట్టు కవరు వైపు అనుమానంగా చూసి, బియ్యం మళ్లీ డబ్బాలో పోసి, మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టింది. లాభం, రెండు, మూడు... ఒకటి అనదు. ధాన్యం కొలిచే ఇంట్లో పుట్టిన చేయి అది. ఆ రోజు తినేవాళ్లు 18 మంది. పద్దెనిమిదో గ్లాసు పోశాక చివర్లో ఒక చిటికెడు తీసి డబ్బాలోకే విదిల్చింది. ఎందుకని అడిగితే నవ్వింది, చెప్పలేదు.

ఈ అంగన్‌వాడీ పళ్లెం గురించి రాద్దామని చాలా రోజులుగా ఉంది. కడుపుతో ఉన్న ఆడదానికీ పాలిచ్చే తల్లికీ ప్రభుత్వం పెట్టే ఒక పూట అన్నం అంటే పథకమనీ, బడ్జెట్టనీ, ఎవరి హయాంలో ఏ పేరు పెట్టారనీ రాస్తారు. ఒక కుండనో చీర అంచునో దగ్గరగా పెట్టుకుని చూసినట్టు ఈ పళ్లేన్ని చూసినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. ఇది పనితనం ఉన్న వస్తువు. ఎవరో బాగా ఆలోచించి కట్టారు. ఆ కట్టడంలో ఎక్కడెక్కడ చీలికలున్నాయో ఆయమ్మలకి తెలుసు, వాటిని వాళ్లు రోజూ మాటు వేస్తూ ఉంటారు.

పళ్లెంలో ఏముంటాయో ముందు చెబుతాను. తెలంగాణలో దీని పేరు ఆరోగ్య లక్ష్మి. మనిషికి రోజుకు బియ్యం 150 గ్రాములు, పప్పు 30, నూనె 16, కూరగాయలో ఆకుకూరో 50 గ్రాములు. ఒక గుడ్డు. 200 మిల్లీలీటర్ల పాలు, నెలకు 25 రోజులు. గుడ్లు మాత్రం నెలకు 30, అంటే సెలవు రోజుల గుడ్డు కూడా లెక్కలో ఉంది. అన్నం తిన్నాక అక్కడే, టీచర్ కళ్ల ముందే, ఒక ఎర్ర మాత్ర. నీళ్లు పోసుకున్నట్టు పేరు రాయించుకున్నప్పటి నుంచి బిడ్డకు ఆరు నెలలు నిండే దాకా ఇది నడుస్తుంది.

ఇందులో గుడ్డు దగ్గర కాసేపు ఆగాలి. పప్పు పలచన చేయొచ్చు. పాలల్లో నీళ్లు కలపొచ్చు. నూనె మనిషికి రెండు గ్రాములు మిగిలిస్తే కూరకే తెలియదు. గుడ్డు దగ్గర ఈ ఆటలు సాగవు. సగం పెడితే సగమని అందరికీ కనిపిస్తుంది. లెక్క పెట్టడానికి చదువు అక్కర్లేదు. తన మూత తానే బిగించుకుని వస్తుంది, దాంట్లో ఎవరూ ఏమీ కలపలేరు. మన దేశంలో సర్కారు సరుకు గోదాములో బయలుదేరి విస్తట్లోకి చేరేలోపు ఎన్ని చేతులు తడిమి చూస్తాయో తెలిసినవాళ్లకి ఇది ఎంత గొప్ప ఎంపికో అర్థమవుతుంది. పోషణ పరంగా చూసినా అంతే. ఒక గుడ్డులో ఆరు గ్రాములకు పైచిలుకు ప్రోటీను ఉంటుంది. అన్నం, పప్పు, కూర ఎంత తిన్నా దొరకని బి12 విటమిను ఈ పళ్లెంలోకి వచ్చేది గుడ్డు నుంచీ పాల నుంచే.

గుడ్డు దగ్గర మోసానికి ఉన్న దారులు రెండే. చిన్న సైజువి తెచ్చి పెద్దవాటి లెక్క రాయడం ఒకటి, ట్రేలకు ట్రేలు బజారుకు తరలించడం ఇంకొకటి. రెండోదానికి విరుగుడుగా ఆంధ్రలో గుడ్ల మీద రంగు ముద్రలు వేయించారు. రంగు చూస్తే ఏ విడతలో వచ్చిన గుడ్డో తెలిసిపోతుంది, కిరాణా కొట్లో కనబడితే దొంగ గుడ్డని కూడా తెలిసిపోతుంది. మొదటిదానికి మాత్రం ఆయమ్మ కన్నే విరుగుడు. పాతబడ్డవి కంటికి దొరకవు, వాటికి నీళ్లు కావాలి. ట్రే రాగానే ఆమె ఒక బకెట్టులో నీళ్లు పోసి గుడ్లు ఒక్కొక్కటే వదిలింది. మునిగి అడ్డంగా పడుకున్నవి మంచివి. నిటారుగా లేచి నిలబడ్డవి ముసలివి, ఇవాళే ఉడకబెట్టెయ్యాలి. తేలినవి వాపసు. ఎండాకాలం పాలమూరులో తేలేవి ఎక్కువట. తేలినవి నాలుగు చేటలో పెట్టి, తెచ్చిన కుర్రాడికి ఏమీ అనకుండా చూపించింది. అతను కూడా ఏమీ అనకుండా నాలుగు మార్చి ఇచ్చాడు. వాళ్ల మధ్య ఇది పాత వ్యవహారంలా ఉంది.

ఈ పళ్లేన్ని కట్టినవాళ్ల అసలు తెలివి మాత్రం పళ్లెం బయట ఉంది. అన్నం ఇంటికి ఇవ్వరు. ఆమె వచ్చి, కూర్చుని, అక్కడే తినాలి.

ఇదేమంత పెద్ద సంగతి అనుకునేవాళ్లు మన ఇళ్లలో కోడలు ఎప్పుడు తింటుందో గుర్తు తెచ్చుకోవాలి. మగవాళ్లు తిన్నాక, పిల్లలు తిన్నాక, అత్తగారి పళ్లెం తీశాక, గిన్నె అడుగు గీకి. సరుకులు ఇంటికి పంపితే ఆ బియ్యం ఇంటి బియ్యంలో కలుస్తాయి. కోడలి బియ్యమని వేరే గిన్నెలో వండే ఇల్లు నేనింతవరకూ చూడలేదు. నెలకు మూడు కిలోల పైన బియ్యం వచ్చినా ఆమె కంచంలో పడేది మరో నాలుగు మెతుకులే. అంగన్‌వాడీలో అలా కాదు, తన పళ్లెం తనది. పంచుకోవడానికి పక్కన ఉన్నది కూడా కడుపుతో ఉన్నవాళ్లే. "తిను బిడ్డా, సల్లగైతది" అనే మనిషి ఎదురుగా నిలబడి ఉంటుంది. పుట్టింట్లో తప్ప అలా నిలబడి పెట్టేవాళ్లు ఎక్కడుంటారు?

ఈ ఆలోచన ఒక్కరోజులో పుట్టలేదు. అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో వచ్చినవి. చాలా ఏళ్లు గర్భిణులకు అవి ఇచ్చింది పొడి ప్యాకెట్లూ సరుకులే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ నీడన మహిళా సంఘాలు కొన్ని ఊళ్లలో పోషకాహార కేంద్రాలు నడిపాయి. గర్భిణులు అక్కడికే వచ్చి తినేవారు. ఊరి ఆడవాళ్లు ఊరి ఆడవాళ్ల కోసం వండటం అక్కడ కుదురుకుంది. 2013 జనవరి 1న ఇందిరమ్మ అమృత హస్తం పేరుతో 102 ప్రాజెక్టుల్లో ఒక పూట పూర్తి భోజనం మొదలైంది. రాష్ట్రం విడిపోయాక 2015 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటా ఆరోగ్య లక్ష్మి అయింది, అటు ఆంధ్రలో అన్న అమృత హస్తం అయింది. 2017 అక్టోబరు 2న కర్ణాటక మాతృపూర్ణ పేరుతో ఇదే దారి పట్టింది. పేర్లు మారాయి గానీ పీట మారలేదు.

జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లోనే వచ్చింది, కానీ అమృత హస్తం తర్వాత. గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లికీ ఉచిత భోజనం హక్కని ఆ చట్టం చెప్పింది. కొలత కూడా కట్టింది. 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రోటీను. మన పళ్లెం అంతకు రెట్టింపని, 1200 కేలరీలు, 37 గ్రాముల ప్రోటీను, 500 మిల్లీగ్రాముల కాల్షియం అని తెలంగాణ ప్రభుత్వం చెబుతుంది. నేను కూర్చుని కూడాను. బియ్యానికి 520, పప్పుకి వంద, నూనెకి 144, గుడ్డుకి డెబ్బై ఎనభై, పాలకి 120 నుంచి 140, కూరకి ఓ ఇరవై. ఎలా కూడినా వెయ్యికి కాస్త అటూ ఇటూ తేలింది, ప్రోటీను ముప్పై దాటింది. ప్రభుత్వం వారి కూడిక కొంచెం ఉదారంగా ఉన్నట్టుంది. అయినా వెయ్యి అంటే చిన్న సంగతి కాదు. గర్భంతో ఉన్నప్పుడు మామూలు తిండి మీద అదనంగా కావలసింది రోజుకు 350 కేలరీలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. ఆమె ఇంట్లో ఎప్పుడూ తినేంత తింటూ, ఈ పళ్లెం కూడా ఖాళీ చేస్తే ఆ 350 దాటిపోతుంది. ఇక్కడ తిన్నది చూసి ఇంట్లో తగ్గించేస్తే వేరే సంగతి. తగ్గిస్తారు కూడా. "అంగన్‌వాడీల తిన్నవ్ గద" అనే మాట నేను విన్నాను.

అన్నం పక్కన పాలూ గుడ్డూ పెట్టడంలో ఇంకో పాత కథ ఉంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టింది. మొదలుపెట్టిన వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్. ఆయన ఎలుకలను గుంపులుగా చేసి ఒక్కో గుంపుకి ఒక్కో ప్రాంతపు భోజనం పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు తిన్న పంజాబు ఎలుకలు నిగనిగలాడాయి. తెల్లన్నమే ప్రధానంగా తిన్న మద్రాసు ఎలుకలు చిక్కిపోయాయి. మద్రాసు అంటే అప్పట్లో ఆంధ్ర, రాయలసీమ కూడా అందులోనే ఉన్నాయి. సంస్థ 1958లో హైదరాబాదుకు మారింది. మన అన్నం మీద ఆ ఎలుకలు ఇచ్చిన తీర్పుకి ఈ పళ్లెంలో జవాబు దొరుకుతుంది. అన్నం మానమనలేదు, పక్కన ఏం పెట్టాలో చూశారు.

ఇక ఎర్ర మాత్ర. చూడ్డానికి శనగగింజంత. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. ఈ మాత్రలో సగం కథ మనదే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు గర్భిణులను పీడిస్తున్న ఒక రకం రక్తహీనతను పరిశోధించడానికి బొంబాయి వచ్చింది. ఇనుముకి లొంగని ఆ జబ్బు, రొట్టె మీద రాసుకునే ఈస్టు సారానికి లొంగింది. అందులో ఏముందో అప్పుడు తెలియలేదు. అందులో ఉన్నది ఫోలిక్ ఆమ్లమే. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది 1945లో, అమెరికాలోని లెడర్లీ సంస్థలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు రోజుల తేడాతో తీసుకుపోయింది. ఆ జబ్బుకీ ఫోలిక్ ఆమ్లం మందే. ఆయన ఇంటి రెండు చావుల మీదుగా నడిచి వచ్చిన పదార్థం ఇవాళ ఈ వరండాలో పద్దెనిమిది అరచేతుల్లో ఉంది. గోడ మీద నాయకుల బొమ్మలున్నాయి, సుబ్బారావు బొమ్మ లేదు.

మాత్ర ఇవ్వడం తేలిక. మింగించడమే విద్య. ఇంటికి పట్టీలు పట్టీలుగా ఇస్తే అవి గూట్లోనే ఉంటాయి. మలం నల్లగా వస్తుందని, కడుపులో తిప్పుతుందని, మలబద్ధకమని భయం. బిడ్డ నల్లగా పుడతాడని ఇంకో భయం. బిడ్డ బాగా పెరిగితే కాన్పు కష్టమని అన్నిటికంటే పెద్ద భయం, అది తిండికీ వర్తిస్తుంది. అందుకే అన్నం తిన్న వెంటనే, కడుపు నిండుగా ఉన్నప్పుడు, టీచర్ చూస్తుండగా మింగాలి. వికారం తగ్గుతుంది, మాత్ర గూటి పాలు కాదు.

అయితే ఇక్కడే ఈ కట్టడంలో ఒక చిన్న చీలిక ఉంది. పాలల్లో ఉండే కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పాలు తాగి వెంటనే మాత్ర వేసుకుంటే ఇనుము కొంత వృథా. కాల్షియం మాత్ర, ఇనుము మాత్ర కలిపి వేసుకోవద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. నేను చూసిన కేంద్రంలో టీచర్ ఏం చేస్తుందంటే, పదకొండింటికి వచ్చినవాళ్లకు వచ్చినట్టు ముందు పాలు పోసిస్తుంది. తర్వాత బరువు చూడటం, రిజిస్టరు, ఫోనులో పోషణ్ ట్రాకర్ నింపడం, ఊరి ముచ్చట్లు. ఒంటిగంట దాటాక అన్నం. చివర్లో మాత్ర. పప్పులో నిమ్మకాయ పిండుతుంది, పులుపు ఇనుమును ఒంటికి పట్టిస్తుంది కాబట్టి. పాలు, మాత్ర విడదీయమని ఎవరు చెప్పారని అడిగితే ఏదో ట్రైనింగులో విన్నానంది. ఆయమ్మ మధ్యలో అందుకుని "పాలు తాగి కూసుంటే ఆకలైతది, అన్నం మంచిగ తింటరు" అంది. ఇద్దరి కారణాలూ వేరు. పళ్లేనికి మాత్రం మేలే జరిగింది. మాత్ర మింగాక గంటసేపు టీ తాగొద్దని కూడా టీచర్ చెబుతుంది, అది మాత్రం ఎవరూ వినడం లేదని ఆమెకీ తెలుసు.

ఇంత పనితనం ఉన్నా పళ్లెం అందరికీ అందదు. పత్తి ఏరే రోజుల్లో పొద్దున ఎనిమిదింటికి చేలోకి పోయిన మనిషి మధ్యాహ్నం అన్నానికని ఊళ్లోకి రాదు, కూలి పోతుంది. కొన్ని ఇళ్లు కోడళ్లని పంపవు. పక్కన ఎవరు కూర్చుంటారో చూసుకునే ఇళ్లవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ వరసలోనే ఉన్నాయి, సగం దాటే. పళ్లెం పనికిరాదని దీనర్థం కాదు. పద్దెనిమిదేళ్లకే రక్తం తక్కువై కడుపుతో వచ్చిన పిల్లని ఆరు నెలల పప్పన్నం ఎంత వరకు లేపగలదు?

2020 మార్చిలో కరోనా వచ్చి అందరూ ఒకచోట కూర్చుని తినే పీటను లేపేసింది. సరుకులు ఇళ్లకు వెళ్లాయి. ఆంధ్రలో ఆ సెప్టెంబరులో సంపూర్ణ పోషణ మొదలైంది. మధ్యలో కేంద్రాల్లో వండి పెట్టారు గానీ 2023లో మళ్లీ సరుకులు ఇంటికే అన్నారు. నాకు పీటే ఇష్టం, దాచను. కానీ ఆ సంచీ కూర్చిన చేతిలోనూ పనితనం ఉందని ఒప్పుకోవాలి. బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు, పాలతో పాటు రాగిపిండి, అటుకులు, బెల్లం, ఎండు ఖర్జూరం, పల్లీ చిక్కీ పెట్టారు. వీటిలో చివరి నాలుగూ పొయ్యి ఎక్కనవసరం లేనివి. ఉమ్మడి కుండలోకి వెళ్లవు. కోడలు పక్కకి వెళ్లి నోట్లో వేసుకోగలదు. వేసుకోనిస్తే.

ఈ పళ్లెం పూర్తిగా ఓడిపోయే చోటు బాలింత మంచం. బిడ్డకు పాలిచ్చే మొదటి ఆరు నెలలు తల్లికి అదనంగా 600 కేలరీలు కావాలి. గర్భంతో ఉన్నప్పటికంటే ఎక్కువ. సరిగ్గా అప్పుడే మనం ఆమె కంచం చిన్నది చేస్తాం. నా కాన్పుకి మా అమ్మ పదకొండు రోజులు పాత బియ్యం అన్నం, శొంఠిపొడి, వెల్లుల్లి కారం, నెయ్యి తప్ప ఇంకేమీ పెట్టలేదు. పప్పు వాతం, గుడ్డు వేడి, నీళ్లు తాగితే పొట్ట. రాత్రి ఉసిరికాయంత కాయం. ఆ కాయం తయారీ ఇంకో పెద్ద పనితనం. నెయ్యి, బెల్లం, పిప్పళ్లు, వాము, మా అమ్మ మణికట్టు. నెయ్యీ బెల్లమూ బలమే, కాదనను. కానీ ఆ రోజుల్లో అర్ధరాత్రి వేసిన ఆకలి నాకింకా గుర్తుంది, పక్కలో బిడ్డ పాలు తాగుతుంటే నేను గోడవైపు తిరిగి పొద్దున తినబోయే అన్నం గురించి ఆలోచించేదాన్ని.

బాలింత పీట దగ్గరికి రాదు, మైల ఉంటుంది, చలిగాలి ఉంటుంది, అత్తగారు ఉంటుంది. అందుకని క్యారియరు వెళ్తుంది. నేను ఆ కేంద్రంలో ఉన్న మొదటి రోజు కాన్పై పన్నెండు రోజులైన ఒకామె కోసం ఆయమ్మ రెండు గిన్నెల క్యారియరు సర్దింది. కింద అన్నం, పైన పప్పు, అన్నం మీద ఒలిచిన గుడ్డు. తీసుకెళ్లడానికి వచ్చింది ఆ ఇంటి పెద్దపిల్ల. ఐదేళ్లుంటాయి, క్యారియరు మోకాలికి తగులుతూ ఉంది.

మర్నాడు అదే పిల్ల కడిగిన క్యారియరు తెచ్చింది.

"గుడ్డు ఎవరు తిన్నరు బిడ్డా?" అని ఆయమ్మ మామూలుగా అడిగింది.

"నేనే" అంది పిల్ల. ఆ పిల్ల గొంతులో దొంగతనం లేదు.

ఆయమ్మ ఏమీ అనలేదు. పిల్లని కూర్చోబెట్టి, కేంద్రం పిల్లల లెక్కలోంచి ఆ పిల్ల గుడ్డు ఆ పిల్లకి ఇచ్చింది. తర్వాత క్యారియరు గిన్నెలో వేడన్నం పెట్టి, గుంట చేసి, ఒలిచిన గుడ్డును అందులో వేసి వేళ్లతో మెత్తగా చిదిపింది. అటక మీద సీసా దింపి రెండు చెంచాల ఎల్లిపాయ కారం వేసింది. ఒక క్షణం ఆగి, పిల్ల వైపు ఒకసారి చూసి, మూడో చెంచా వేసి కలిపింది. అన్నం ఎర్రబడింది. గుడ్డు ఎక్కడుందో ఇక కనబడలేదు. పిల్ల వంగి చూసి ముక్కు చిట్లించుకుని వెనక్కి జరిగింది. ఆయమ్మ మూత బిగించి క్యారియరు దాని చేతికిచ్చింది.